ఆటోక్రాఫ్టింగ్ ఆర్డర్ మధ్యలో ఆగిపోతే సీపీయూని వదిలేసి మెషిన్ దగ్గరికి వెళ్లండి

మీరు చెప్పింది ఇదీ: మైన్‌క్రాఫ్ట్ 1.20.1 మోడ్‌ప్యాక్, అందులో అప్లైడ్ ఎనర్జిస్టిక్స్ 2 (ఏఈ2, వస్తువుల నిల్వనీ తయారీనీ ఒకే నెట్‌వర్క్‌తో నడిపే మోడ్). క్రాఫ్టింగ్ టేబుల్ రెసిపీలన్నీ మాలిక్యులర్ అసెంబ్లర్లలో చక్కగా అయిపోతున్నాయి. 64కె స్టోరేజ్ కాంపొనెంట్ ఆర్డర్ పెడితే మాత్రం కొన్ని ప్రాసెసర్లు తయారయ్యాక ఇన్‌స్క్రైబర్ల (ప్రాసెసర్లను తయారుచేసే మెషిన్లు) దగ్గర బండి ఆగిపోతోంది. ఫర్నేస్‌లో గ్లాస్ ఆర్డర్ సంగతి ఇంకా విచిత్రం. గ్లాస్ టెర్మినల్‌లో (నెట్‌వర్క్ నిల్వను చూపే తెర) కనబడుతోంది, ఆర్డర్ మాత్రం ఎంతకీ పూర్తవదు. ఎవరో చెబితే క్రాఫ్టింగ్ సీపీయూకి (ఆర్డర్‌ని నడిపే బ్లాకుల గుంపు) 64కె స్టోరేజీ, కో-ప్రాసెసింగ్ యూనిట్లూ తగిలించారు, తేడా రాలేదు. మొత్తం పీకేసి మళ్లీ కట్టాలా అని అడిగారు.

పీకక్కర్లేదు. మీ రెండు సమస్యలకీ సీపీయూతో సంబంధమే లేదు. ఏఈ2లో ఆర్డర్ ఆగిందనగానే అందరూ ముందు సీపీయూని పెంచుతారు, ఎందుకంటే చూడ్డానికి పెద్దగా ఉండేదీ ఖరీదైనదీ అదే. అసలు తప్పు దాదాపు ఎప్పుడూ ప్యాటర్న్ ప్రొవైడర్‌కీ (ప్యాటర్న్‌లు, అంటే రాసిపెట్టిన రెసిపీలు, ఉంచుకుని మెషిన్‌కి సరుకు పంపే బ్లాకు) మెషిన్‌కీ మధ్య ఉన్న ఆ ఒకటి రెండు బ్లాకుల్లోనే దొరుకుతుంది.

ఆర్డర్ పెట్టినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం. మీరు స్టార్ట్ నొక్కగానే లెక్క కట్టిన ముడిసరుకంతా నెట్‌వర్క్ నుంచి తీసి సీపీయూ తన దగ్గర పెట్టుకుంటుంది. ఒక్కో ప్యాటర్న్‌కి కావాల్సిన సరుకును ఆ ప్యాటర్న్ ఉన్న ప్రొవైడర్‌కి ఇస్తుంది, ప్రొవైడర్ దాన్ని పక్కనున్న మెషిన్‌లోకి తోస్తుంది. అక్కడితో సీపీయూ పని అయిపోయింది. ఇక అది ఎదురుచూస్తుంది, అంతే. పద్దు రాసే గుమస్తా లాంటిది: ఇచ్చిన సరుకు ఒక వైపు, రావాల్సిన సరుకు ఇంకో వైపు రాసుకుని కూర్చుంటుంది. మెషిన్‌లో కరెంటు ఉందో లేదో, సరుకు సరైన స్లాట్‌లో పడిందో లేదో దానికి తెలీదు. మీరు ప్యాటర్న్‌లో అవుట్‌పుట్‌గా ఏది రాస్తే అది వస్తుందని నమ్ముతుంది. ప్యాటర్న్‌లో ఇసుక పెట్టి అవుట్‌పుట్ దగ్గర వజ్రం అని రాసినా అభ్యంతరం చెప్పదు, వజ్రం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఇందులోంచే పనికొచ్చే ఉపాయం ఒకటి ఉంది. రావాల్సిన వస్తువు ఏ దారిన నెట్‌వర్క్‌లోకి దిగినా సీపీయూ దాన్ని పట్టుకుని పద్దులో వేసుకుంటుంది. అంటే ఆర్డర్ 3 ప్రాసెసర్ల కోసం ఆగి ఉంటే, మీ చేతిలో ఉన్న 3 ప్రాసెసర్లను టెర్మినల్‌లో పడేయండి. ఆర్డర్ కదిలిందా, మీ లెక్కా ప్యాటర్నూ బాగానే ఉన్నట్టు, తప్పు మెషిన్ దగ్గరే. ఇంతకంటే తొందరగా తేల్చే పరీక్ష ఇంకోటి లేదు.

రెండో పరీక్ష క్రాఫ్టింగ్ స్టేటస్ తెర. ఆగిన ఆర్డర్‌ని తెరిచి ఒక్కో వస్తువు కింద ఏ మాట ఉందో చూడండి. ‘షెడ్యూల్డ్’ అని ఉండిపోతే సరుకు ఇంకా మెషిన్‌కి వెళ్లలేదని అర్థం: ప్రొవైడర్ తోయలేకపోతోంది, లేదా దాని కిందిస్థాయి వస్తువు ఇంకా రాలేదు. ‘క్రాఫ్టింగ్’ అని ఉండి కదలకపోతే సరుకు వెళ్లింది, ఫలితం తిరిగి రాలేదు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. షెడ్యూల్డ్ వరుసలు చాలా ఉంటే పట్టించుకోకండి, అవన్నీ కింద ఏదో ఒక్క దాని కోసం కాచుకుని ఉంటాయి. క్రాఫ్టింగ్ అని ఉన్న వరుసను పట్టుకుని నేరుగా ఆ మెషిన్ దగ్గరికి నడవండి.

ముందు గ్లాస్ సంగతి తేల్చేద్దాం, అది తేలిక. మీ ఫర్నేస్ కింద హాపర్, హాపర్ కింద ఛెస్ట్, ఛెస్ట్‌కి స్టోరేజ్ బస్ అన్నారు. స్టోరేజ్ బస్ ఆ ఛెస్ట్‌ని నెట్‌వర్క్ నిల్వలో భాగంగా చూపిస్తుంది, అందుకే గ్లాస్ టెర్మినల్‌లో కనబడుతోంది. కానీ ఆ గ్లాస్ నెట్‌వర్క్ గుండా లోపలికి రాలేదు, హాపర్ నేరుగా ఛెస్ట్‌లో పడేసింది. సీపీయూ పట్టుకునేది నెట్‌వర్క్ ద్వారా లోపలికి దిగే వస్తువుల్నే. నిల్వలో ఊరికే ప్రత్యక్షమైనవి దాని పద్దులోకి ఎక్కవు. కొత్తవాళ్లని ఇంతగా తికమక పెట్టే విషయం ఈ మోడ్‌లో మరొకటి లేదేమో, కళ్లెదుట వస్తువు కనబడుతుంటే రాలేదని ఎవరు అనుకుంటారు?

మందు చిన్నదే. ఛెస్ట్ తీసేసి ఆ స్థానంలో ఎంఈ ఇంటర్‌ఫేస్ పెట్టండి. హాపర్ ఇంటర్‌ఫేస్‌లో పడేసిన ప్రతిదీ నెట్‌వర్క్‌లోకి దిగుతుంది. లేదా హాపర్ కూడా తీసేసి ఫర్నేస్ అడుగున ఇంపోర్ట్ బస్ (మెషిన్ నుంచి వస్తువుల్ని నెట్‌వర్క్‌లోకి లాగేది) పెట్టండి. ప్యాటర్న్ ప్రొవైడర్ కూడా తిరిగొచ్చే సరుకును తీసుకుంటుంది, దానికి అందుకోసమే లోపల అరలున్నాయి. కాబట్టి అవుట్‌పుట్‌ని తనంతట తనే బయటికి తోసే మెషిన్లయితే ప్రొవైడర్ ఒక్కటే చాలు, పంపేదీ అదే, పుచ్చుకునేదీ అదే. మెకనిజం అనే మోడ్ మెషిన్లలో సైడ్ కాన్ఫిగ్‌లో ప్రొవైడర్‌ని ఆనుకున్న వైపుని ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ అయ్యేలా పెట్టి ఆటో-ఎజెక్ట్ ఆన్ చేస్తే సరి. ఆటో-ఎజెక్ట్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుందని అనుకోకండి, తెరిచి చూడండి.

ఫర్నేస్ గురించే ఇంకో మాట. మామూలు ఫర్నేస్‌కి పైవైపు నుంచి వచ్చింది కాల్చే స్లాట్‌లోకి, పక్కల నుంచి వచ్చింది ఇంధనం స్లాట్‌లోకి పోతుంది, కింది నుంచి ఫలితం బయటికొస్తుంది. ప్రొవైడర్ ఫర్నేస్ పక్కన ఉంటే ఇసుకను ఇంధనం స్లాట్‌లో తోయాలని చూస్తుంది, స్లాట్ ఒప్పుకోదు, ఆర్డర్ షెడ్యూల్డ్ దగ్గరే ఉండిపోతుంది. ప్రొవైడర్ పైన, బొగ్గుకి ఒక ఎక్స్‌పోర్ట్ బస్ (నెట్‌వర్క్ నుంచి వస్తువుల్ని బయటికి పంపేది) పక్కన, ఇంపోర్ట్ బస్ కింద: ఈ అమరికను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఇన్‌స్క్రైబర్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇదే జబ్బు రేపు ఏ మోడ్ మెషిన్‌తోనైనా వస్తుంది.

64కె కాంపొనెంట్ ఒక్కటే కదా అనిపిస్తుంది. దాంట్లోకి 16కెలు 3 కావాలి, ఒక్కో 16కెకి 4కెలు 3, ఒక్కో 4కెకి 1కెలు 3. అంటే అడుగున 27 1కె కాంపొనెంట్లు, వాటిపైన 9, ఆపైన 3, చివర 1. మొత్తం 40. ఒక్కో దానికి ఒక ప్రాసెసర్ చొప్పున 40 ప్రాసెసర్లు. 1కెలకి లాజిక్ ప్రాసెసర్, 4కెలకి క్యాల్కులేషన్ ప్రాసెసర్, రకాలు కలగలుపు. మీరు ఒకే ప్రొవైడర్‌లో అన్ని ప్రాసెసర్ ప్యాటర్న్‌లూ పెట్టి, దాని ముందు ఒక ఛెస్ట్ పెట్టి, ఛెస్ట్ నుంచి హాపర్లతో ఇన్‌స్క్రైబర్‌లోకి లాగుతున్నారు. ఛెస్ట్‌లో 27 అరలున్నాయి, అది దేన్నీ కాదనదు. కాబట్టి ప్రొవైడర్ లాజిక్ సర్క్యూట్లు, క్యాల్కులేషన్ సర్క్యూట్లు, రెడ్‌స్టోన్, ప్రింటెడ్ సిలికాన్ అన్నీ క్షణాల్లో అందులో కుమ్మరిస్తుంది. మీరు తగిలించిన కో-ప్రాసెసర్లు ఈ కుమ్మరింపునే ఇంకా వేగం చేశాయి! హాపర్‌కి ఉన్నవి 5 అరలు. ఆ క్షణానికి ఇన్‌స్క్రైబర్‌లో పట్టని సరుకుతో ఆ అయిదూ నిండిపోతే, కావాల్సిన సిలికాన్ ఛెస్ట్‌లో ఉండీ కిందికి దిగదు. అక్కడ అంతా గడ్డకట్టేస్తుంది. అదృష్టం బాగుంటే కొన్ని ప్రాసెసర్లు అయ్యాక ఆగుతుంది, మీకు జరిగింది అదే.

ఛెస్ట్‌ని మధ్యలోంచి తీసేయండి. ప్రొవైడర్‌కీ మెషిన్‌కీ మధ్య దేన్నైనా మింగేసే పెట్టె ఉంచకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రొవైడర్ మెషిన్‌ని నేరుగా ఆనుకుని ఉంటే మెషిన్ నిండినప్పుడు దానికి తెలుస్తుంది, ఆగుతుంది. మధ్యలో ఛెస్ట్ ఉంటే దానికి కనబడేది ఛెస్టే.

తర్వాత ప్రొవైడర్‌లో బ్లాకింగ్ మోడ్ ఆన్ చేయండి. మెషిన్‌లో పాత బ్యాచ్ సరుకు ఇంకా ఉన్నంతసేపూ కొత్త బ్యాచ్ తోయకుండా ఇది ఆపుతుంది. వేగం తగ్గుతుంది, నిజమే. కానీ ఒకే మెషిన్ పలు రకాల రెసిపీలు చేస్తున్నప్పుడు ఇది లేకుండా నడపడం జూదం. ఒక్క రెసిపీకే కేటాయించిన మెషిన్‌కైతే బ్లాకింగ్ మోడ్ అక్కర్లేదు, ఎంత తోసినా కలిసేదేమీ లేదు. ఇదే ప్రొవైడర్‌లో ‘లాక్ క్రాఫ్టింగ్’ అనే మరో అమరిక ఉంది. దాన్ని ‘ఫలితం తిరిగి వచ్చేదాకా’ అని పెడితే, వెళ్లిన బ్యాచ్ తాలూకు ఫలితం ఆ ప్రొవైడర్‌కే తిరిగొచ్చాకే తర్వాతి బ్యాచ్ కదులుతుంది. మెషిన్ సరుకును లోపలికి లాగేసుకుని తన ఇన్‌పుట్ స్లాట్లు ఖాళీగా చూపించే సందర్భాల్లో, లేదా మధ్యలో పైపులు తప్పనిసరైన చోట, బ్లాకింగ్ మోడ్ మోసపోతుంది కానీ ఇది మోసపోదు. అలా ఫలితం కోసం లాక్ చేసినప్పుడు ఫలితం ఇంపోర్ట్ బస్ ద్వారా కాకుండా ఆ ప్రొవైడర్‌లోకే రావాలి. అది మర్చిపోతే మొదటి బ్యాచ్‌తోనే లాక్ పడి కూర్చుంటుంది.

ఇన్‌స్క్రైబర్ల అమరిక నేనైతే ఇలా పెడతాను. లాజిక్, క్యాల్కులేషన్, ఇంజినీరింగ్, సిలికాన్ ప్రెస్‌లకు (ముద్ర వేసే అచ్చులు) ఒక్కోదానికి ఒక్కో ఇన్‌స్క్రైబర్. ప్రెస్ పై స్లాట్‌లో శాశ్వతంగా ఉంటుంది, ప్యాటర్న్‌లో ప్రెస్‌ని రాయను. లాజిక్‌కి బంగారం, క్యాల్కులేషన్‌కి సెర్టస్ క్వార్ట్జ్, ఇంజినీరింగ్‌కి వజ్రం, సిలికాన్‌కి సిలికాన్: ఒక్కో దానికి ఒక్కటే ముడిసరుకు, కాబట్టి కలిసిపోయే ప్రశ్నే లేదు. చివరి కూర్పుకి మాత్రం సర్క్యూట్, రెడ్‌స్టోన్, ప్రింటెడ్ సిలికాన్ మూడూ కావాలి. దానికి వేరే ఇన్‌స్క్రైబర్, వేరే ప్రొవైడర్, బ్లాకింగ్ మోడ్ ఆన్. మూడు ప్రాసెసర్లకీ ఒక్కో కూర్పు ఇన్‌స్క్రైబర్ పెట్టుకునే స్తోమత ఉంటే అదే మేలు, ఒక్కో ప్రొవైడర్‌కి ఒక్కో ప్యాటర్న్. మీ వెర్షన్‌లో ఇన్‌స్క్రైబర్ తెర మీద వైపుల్ని విడదీయాలా వద్దా అనే మీట, ఫలితాన్ని తనే బయటికి తోసే మీట రెండూ ఉన్నాయి. వైపుల్ని విడదీయకుండా ఉంచితే ఏ పక్క నుంచి తోసినా సరుకు సరైన స్లాట్‌లో పడుతుంది. ఆటో-ఎక్స్‌పోర్ట్ ఆన్ చేస్తే ప్రాసెసర్ తిరిగి ప్రొవైడర్‌లోకే వస్తుంది. ఒక ఇన్‌స్క్రైబర్, ఒక ప్రొవైడర్, మధ్యలో ఇంకేమీ వద్దు.

వైపులు తప్పనిసరైన మెషిన్లు వేరే ఉంటాయి: ఒక సరుకు పైనుంచి, ఒకటి ఎడమ నుంచి మాత్రమే పుచ్చుకునేవి. ప్రొవైడర్ ఒక బ్యాచ్‌లోని సరుకంతా ఒకే వైపుకి పంపుతుంది, ముఖాల మధ్య పంచదు. అక్కడ సబ్‌నెట్, అంటే ప్రధాన నెట్‌వర్క్‌తో కలవని చిన్న నెట్‌వర్క్, కావాలి. పేరు వింటే భయపడతారు గానీ వస్తువులు నాలుగే. ప్రొవైడర్ ముందు ఒక ఇంటర్‌ఫేస్, ఇది ప్రధాన నెట్‌వర్క్‌ది కాదు, విడి నెట్‌వర్క్‌ది. దాని స్లాట్లలో ఏమీ అమర్చకండి. ఆ విడి కేబుల్ మీద మెషిన్ ఒక్కో ముఖానికీ ఒక స్టోరేజ్ బస్, ఒక్కో బస్‌కి ఆ వైపు వెళ్లాల్సిన వస్తువు ఫిల్టర్. ఆ నెట్‌వర్క్‌లో డ్రైవ్ (నిల్వ సెల్స్ ఉండే బ్లాకు) గానీ ఛెస్ట్ గానీ ఉండకూడదు, మెషినే దాని నిల్వ. ప్రొవైడర్ ఖాళీ ఇంటర్‌ఫేస్‌ని చూసినప్పుడు సరుకును సరాసరి ఆ సబ్‌నెట్ నిల్వలోకే, అంటే మెషిన్ స్లాట్లలోకే తోస్తుంది. చోటు లేకపోతే తోయదు. మధ్యలో పేరుకునేదేమీ లేదు, అందుకే ఈ పద్ధతి నాకు పైపులకంటే ఇష్టం.

సబ్‌నెట్‌కి కరెంటు క్వార్ట్జ్ ఫైబర్ ద్వారా ఇస్తే చాలు, అది విద్యుత్తును మాత్రమే దాటిస్తుంది, నెట్‌వర్క్‌లను కలపదు. కంట్రోలర్ కూడా అక్కర్లేదు, కంట్రోలర్ లేని నెట్‌వర్క్‌కి 8 ఛానెళ్లు (ఒక్కో ఛానెల్‌తో ఒక పరికరం పనిచేస్తుంది) వస్తాయి, అవి చాలు. ఒక్క జాగ్రత్త: పూర్తి బ్లాకుగా ఉన్న ప్రొవైడర్‌ని పూర్తి బ్లాకుగా ఉన్న ఇంటర్‌ఫేస్ పక్కన పెడితే రెండూ అతుక్కుని రెండు నెట్‌వర్క్‌లూ ఒకటైపోతాయి. రెంచ్‌తో ప్రొవైడర్‌కి ఒక దిక్కు నిర్ణయించండి, లేదా పలకలా ఉండే రూపం వాడండి. ఇన్‌స్క్రైబర్ కూడా నెట్‌వర్క్‌లో చేరే బ్లాకే, కాబట్టి రెండు నెట్‌వర్క్‌ల కేబుళ్లూ దానికి తగలనివ్వకండి. సబ్‌నెట్ టెర్మినల్‌లో మీ ప్రధాన నిల్వంతా కనబడితే ఎక్కడో అంటుకుందని తెలుసుకోండి.

ప్యాటర్న్ రాతలో జరిగే పొరపాట్లు కూడా చెప్పాలి. అవకాశం మీద వచ్చే ఉపఫలితాలు, అంటే పదిసార్లలో ఒకసారి వచ్చేవి, ప్యాటర్న్ అవుట్‌పుట్‌లో రాయకండి. రాస్తే సీపీయూ వాటికోసం కూడా కాచుకుంటుంది. ఖాయంగా వచ్చేవి మాత్రమే రాయండి. మిగిలినవి వచ్చినప్పుడు మామూలు నిల్వలోకి పోతాయి. రెసిపీ చూసే మోడ్ నుంచి ఒక్క క్లిక్‌తో ప్యాటర్న్ నింపేటప్పుడు ఈ అవకాశపు ఫలితాలు కూడా వచ్చి కూర్చుంటాయి, ఎన్‌కోడ్ నొక్కేముందు తీసేయండి. మెషిన్‌లో ఖర్చవని అచ్చులు, గ్రెగ్‌టెక్ మోడ్ ప్రోగ్రామ్డ్ సర్క్యూట్లు వంటివి మెషిన్‌లోనే శాశ్వతంగా ఉంచి ప్యాటర్న్‌లో నుంచి తీసేయండి, ఒక్కో సర్క్యూట్ నంబరుకి ఒక్కో మెషిన్. కొత్త వెర్షన్లలో ద్రవాలను కూడా అదే ప్యాటర్న్‌లో రాయొచ్చు, ప్రొవైడర్ తోస్తుంది. 1 బకెట్ అంటే 1000 మిల్లీబకెట్లు, సున్నాలు సరిచూసుకోండి.

కడ్డీ నుంచి బ్లాకు, బ్లాకు నుంచి కడ్డీ, రెండు దిశలకీ ప్యాటర్న్‌లు పెట్టేవాళ్లున్నారు. నిజంగా అవసరమైన దిశ ఒక్కటే ఉంచండి. ‘సబ్‌స్టిట్యూషన్’ మీట కూడా అవసరమైన చోటే, చెక్క పలకల్లాంటి వాటికే. అన్ని ప్యాటర్న్‌లకీ ఆన్ చేస్తే లెక్క కట్టడానికే టైం తింటుంది, మీరు దాచుకున్న వస్తువును కూడా వాడేస్తుంది.

ఇంకో కారణం, చాలామంది చూడనిది: నిల్వ నిండిపోవడం. ఆర్డర్‌కి రావాల్సిన వస్తువు సీపీయూలోకి పోతుంది, దానికి చోటు సమస్య లేదు. ఉపఫలితం మాత్రం డ్రైవ్‌లోకి పోవాలి. డ్రైవ్‌లో చోటు లేకపోతే అది ప్రొవైడర్ తిరుగు అరల్లోనో మెషిన్ అవుట్‌పుట్‌లోనో ఇరుక్కుని వెనకున్న అసలు ఫలితాన్ని కూడా ఆపేస్తుంది. ఇక్కడ ‘నా డ్రైవ్‌లో సగం ఖాళీ ఉంది’ అనే మాట నమ్మడానికి లేదు. ఒక్కో సెల్‌కి 63 రకాలే పడతాయి, అది 1కె అయినా 64కె అయినా. పైగా ఒక్కో రకానికి సెల్ కొంత చోటు పన్నుగా తీసుకుంటుంది: 1కెలో 8 బైట్లు, 64కెలో 512 బైట్లు. 64కె సెల్‌లో 63 రకాలు పెడితే 65,536 బైట్లలో 32,256 బైట్లు ఆ పన్నుకే పోతాయి, దాదాపు సగం. పెద్ద సెల్స్ రాయి, ఇసుక లాంటి కొన్ని రకాల గుట్టలకి. నానారకాల చిల్లరకి చిన్న సెల్స్. అరిగిన పనిముట్లు, కవచాలు ఏవీ ఎంఈలోకి రానివ్వకండి, ఒక్కో అరుగుదలా ఒక్కో రకంగా లెక్కకొస్తుంది. రాళ్ల పొడి లాంటి పనికిరాని ఉపఫలితాలకి ఒక సెల్‌ని ఫిల్టర్ చేసి ఓవర్‌ఫ్లో డిస్ట్రక్షన్ కార్డు పెట్టేయండి, నిండాక మిగిలింది మాయం.

ఛానెళ్ల గురించి క్లుప్తంగా. మామూలు కేబుల్‌కి 8, డెన్స్ కేబుల్‌కి 32, కంట్రోలర్ ఒక్కో ముఖానికి 32. ప్రొవైడర్, బస్, ఇంటర్‌ఫేస్, డ్రైవ్, టెర్మినల్ ఒక్కోటి ఒక ఛానెల్ తింటాయి. క్రాఫ్టింగ్ సీపీయూ ఎంత పెద్దదైనా మొత్తానికి ఒకటే. మాలిక్యులర్ అసెంబ్లర్లు ఛానెల్ తీసుకోవు, పైగా కేబుల్‌లా కనెక్షన్‌ని దాటిస్తాయి. అందుకే ప్రొవైడర్, అసెంబ్లర్, ప్రొవైడర్, అసెంబ్లర్ అని చదరంగం గళ్లలా పేర్చితే కేబుళ్లు దాదాపు అక్కర్లేకుండా పోతాయి. ఒక గుంపులో 8 ప్రొవైడర్లకి మించకుండా చూసుకోండి. ఒక ప్రొవైడర్‌లో 9 ప్యాటర్న్‌లు కాబట్టి ఒక గుంపుకి 72 రెసిపీలు. అసెంబ్లర్ ఒక్కోదానికి 5 యాక్సిలరేషన్ కార్డులు పడతాయి. ప్రొవైడర్ చుట్టూ ఎన్ని అసెంబ్లర్లు తగిలితే అన్నిటికీ వంతులవారీగా పని పంచుతుంది. సర్వర్ మీది అయ్యుండి ఈ ఛానెళ్ల లెక్క విసుగనిపిస్తే ఛానెల్ మోడ్‌ని కాన్ఫిగ్‌లో అనంతానికి మార్చుకోవచ్చు, తప్పేం లేదు. నాకు మాత్రం ఆ పరిమితి ఉంటేనే బేస్ ఒక పద్ధతిలో ఉంటుంది.

ఇక సీపీయూ. ఆర్డర్ పెట్టేముందు కనబడే ప్లాన్‌లో ఎన్ని బైట్లు కావాలో రాసి ఉంటుంది, అంతకు మించిన స్టోరేజ్ ఉంటే చాలు. ఎక్కువుంటే వేగం పెరగదు. కో-ప్రాసెసర్లు ఒకేసారి ఎన్ని బ్యాచ్‌లు బయటికి పంపాలో పెంచుతాయి. పంపడానికి మెషిన్లు లేనప్పుడు వాటితో ఒరిగేదేమీ లేదు. 1 ఇన్‌స్క్రైబర్ ముందు 16 కో-ప్రాసెసర్లు ఉన్నా ఇన్‌స్క్రైబర్ ఒక్కటే. వేగం కావాలంటే అదే ప్యాటర్న్‌ని రెండు మూడు ప్రొవైడర్లలో పెట్టి, వాటికి రెండు మూడు మెషిన్లు తగిలించండి, పని వాటంతట అవే పంచుకుంటాయి. ఒక సీపీయూ ఒకసారి ఒక ఆర్డర్‌నే మోస్తుంది. అందుకని ఒక పెద్ద దానికంటే ఒక పెద్దదీ రెండు మూడు చిన్నవీ కట్టుకోవడం మేలు. మీరు కట్టిన ఆ కో-ప్రాసెసర్ల గుట్టను విడగొట్టి ఇలా సర్దుకోండి, ఏదీ వృథా కాదు. ఆకారం మాత్రం సందుల్లేని దీర్ఘఘనం అయ్యుండాలి, కనీసం ఒక క్రాఫ్టింగ్ స్టోరేజ్ ఉండాలి.

దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. తర్వాత మీరు నిల్వ తగ్గగానే వాటంతట అవే తయారయ్యే ఏర్పాటు కూడా పెట్టుకుంటారు: లెవెల్ ఎమిటర్ (నిల్వ ఎంతుందో చూసి సంకేతం ఇచ్చేది), క్రాఫ్టింగ్ కార్డు ఉన్న ఎక్స్‌పోర్ట్ బస్ వగైరా. ఆ చిల్లర ఆర్డర్లు మీ ఒక్క సీపీయూని ఆక్రమించుకుంటే మీ ఆర్డర్‌కి చోటుండదు. సీపీయూ తెర మీద ‘ఆటగాడి ఆర్డర్లకి మాత్రమే’, ‘ఆటోమేషన్‌కి మాత్రమే’ అని కేటాయించే వీలుంది, వాడుకోండి. ఈ నిల్వ ఏర్పాటు ప్రాసెసర్లు, గ్లాస్ లాంటి నాలుగైదు వస్తువులకే పెట్టండి. అన్నిటికీ పెడితే మీరు వజ్రాలు దాచుకున్న రోజే అవి ఇంజినీరింగ్ ప్రాసెసర్లుగా మారిపోతాయి.

కరెంటు, ఛంక్‌లు (ఆట ప్రపంచాన్ని విడగొట్టి లోడ్ చేసే ముక్కలు) మర్చిపోకండి. మెషిన్లున్న ఛంక్ లోడ్ కాకపోతే మీరు అటు వెళ్లినప్పుడు పనిచేసి, ఇటు వచ్చాక ఆగుతుంది. ఆర్డర్ మధ్యలో ఆగి, చూడ్డానికి వెళ్లగానే కదిలిందంటే అనుమానం దాని మీదే పెట్టుకోండి. మోడ్‌ప్యాక్‌లో ఉన్న ఛంక్ లోడర్‌తోనో ఏఈ2 స్పేషియల్ యాంకర్‌తోనో సరిచేయొచ్చు. విద్యుత్తు లెక్క 2 ఎఫ్‌ఈకి (ఇతర మోడ్ల విద్యుత్ యూనిట్) 1 ఏఈ (ఏఈ2 యూనిట్). పెద్ద ఆర్డర్ నడిచేటప్పుడు వాడకం ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎనర్జీ సెల్స్ రెండు మూడు ఉంచండి.

ఇప్పుడు మీ చోట చేయాల్సిన పని. ఆగిన ఆర్డర్లన్నీ రద్దు చేయండి. రద్దు చేస్తే సీపీయూలో ఉన్నది నిల్వలోకి తిరిగొస్తుంది, మెషిన్లలోకి ఇప్పటికే వెళ్లినది మాత్రం అక్కడే ఉంటుంది. ఛెస్ట్, హాపర్లు, ఇన్‌స్క్రైబర్ స్లాట్లు, ప్రొవైడర్ లోపలి అరలు చేత్తో ఖాళీ చేయండి, ప్రెస్‌లు తప్ప. లేకపోతే పాత సరుకు కొత్త ఆర్డర్‌లో కలిసి, సరిగా కట్టినది కూడా తప్పుగా కట్టినట్టే కనబడుతుంది. అమరిక మార్చాక ముందు 1 లాజిక్ ప్రాసెసర్ ఆర్డర్ పెట్టండి. అది పూర్తయితే తిరుగుదారి బాగుంది. తర్వాత లాజిక్, క్యాల్కులేషన్ రెండూ వేర్వేరు సీపీయూల మీద 5 చొప్పున ఒకేసారి పెట్టండి. అవి పూర్తయితే సరుకు కలిసిపోవడం లేదు. ఆ తర్వాత 64 లాజిక్ ప్రాసెసర్లు. ఇది మధ్యలో ఆగితే మిగిలిన అనుమానాలు నిల్వ చోటు, కరెంటు, ఛంక్ మాత్రమే. మూడూ దాటాక 64కె కాంపొనెంట్‌ని మళ్లీ అడగండి. గ్లాస్‌కి విడిగా 1, తర్వాత 64. క్వార్ట్జ్ గ్లాస్‌కి గ్లాస్ కావాలి కాబట్టి, గ్లాస్ తేలకుండా 1కె దాటి పైకి వెళ్లలేరు. ముందు ఫర్నేస్ కింది ఛెస్ట్‌తోనే మొదలుపెట్టండి.